తడవని నాలుగో నంబరు

సబ్బులమ్మ పొద్దున ఎనిమిదింటికి ఉతికే గదికి వస్తుంది, చెప్పులు గుమ్మం బయట విడుస్తుంది, ముక్కుకి గుడ్డ కట్టుకుని ముందు గోడ మీది కేలెండరు చూస్తుంది. ఆ కేలెండర్లో సెలవులుండవు, మ్యాచ్‌లుంటాయి. ఫుట్‌బాల్ సంఘం పుట్టిన దగ్గర్నుంచి జాతీయ జట్టు ఆడిన ప్రతి మ్యాచ్ తేదీ ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. ఏ తేదీన ఆడారో ఏటా ఆ తేదీన, ఆట మొదలైన టైముకి, ఆ రోజు తొడుక్కున్న చొక్కాలకి చెమట పడుతుంది. తొడుక్కున్నవాడు బతికున్నాడా పోయాడా అన్నదానితో చొక్కాకి పని లేదు. తొంభై నిమిషాలు కారుస్తుంది, మధ్యలో పావుగంట విరామం కూడా పాటిస్తుంది. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఎవరికీ ఏమీ కనబడలేదు. ఎవరో ఒకరు ఉతకాలి కదా అని మాత్రం అనుకున్నారు. ఆ ఎవరో ఒకరు ఇరవై ఆరేళ్లుగా సబ్బులమ్మ.

జనానికేం, వాళ్లు ఆ చొక్కాల్ని ఫొటోల్లో చూసి మురిసిపోతారు. ఫొటోకి వాసన ఉండదు. మొట్టమొదటి జట్టుది నీలం చొక్కా, మెడ దగ్గర తాడు ముడి, గోనెసంచి లాంటి మందపు గుడ్డ. తడిస్తే ఒక్కోటి మూడు కిలోలు తూగుతుంది, పిండితే మోచేతుల దాకా జిడ్డు. దాన్ని తొడుక్కున్నవాళ్లలో ఒక్కడూ ఇప్పుడు లేడు గానీ వాళ్ల చంకల కంపు మాత్రం చెక్కుచెదరలేదు. దాని తర్వాతది ఎరుపు తెలుపు పట్టీలది. పాత పరుపు విప్పి కుట్టినట్టుంటుంది, అందరూ దాన్ని పరుపు చొక్కా అనే పిలిచారు. ఆ తర్వాత దేశపటం చొక్కా. ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ దేశం మొత్తాన్ని పొట్ట మీద అచ్చేశారు. రాజధాని సరిగ్గా బొడ్డు మీదికి వచ్చింది. గోల్‌కీపర్‌కి పొట్ట ఎక్కువ కాబట్టి అతని దగ్గర సరిహద్దులు కూడా కాస్త విస్తరించాయి. ఆ రాజధాని చుట్టూ ఏటా ఒక పసుప్పచ్చ మరక తేలుతుంది, ఏ సబ్బుకీ లొంగదు. ఇక ఈమధ్య వచ్చిన పాము చర్మం చొక్కాల సంగతి చెప్పకపోవడమే మంచిది. నైలాను. నిగనిగలాడుతూ పొలుసులు పొలుసులుగా ఉంటాయి. వాటిలోంచి వచ్చే కంపుకి గోడ మీది బల్లులే ఇల్లు ఖాళీ చేశాయి.

వీటన్నిట్లోకీ జనం ప్రాణం పెట్టేది మెరుపు చొక్కా. ఊదారంగు మీద అడ్డదిడ్డంగా పసుపు మెరుపులు. ఇరవై ఆరేళ్ల కిందట మన జట్టు ఒకే ఒక్కసారి ఫైనల్ దాకా వెళ్లింది ఆ చొక్కాలోనే. ఆఖరి నిమిషంలో ఒక్క గోల్ తేడాతో ఓడింది. బస్సుల మీద ఆ మెరుపులే, చాయ్ కొట్ల షట్టర్ల మీద ఆ మెరుపులే, పసిపిల్లల బోసి తలల మీది టోపీల మీదా ఆ మెరుపులే. సబ్బులమ్మకి మాత్రం దాన్ని చూస్తే ఎవడో వంకాయ మీద వాంతి చేసుకున్నట్టుంటుంది. పైగా రంగు నిలవదు. ఏటా ఫైనల్ తేదీన నాలుగింటికి చెమట మొదలయ్యేసరికి ఊదారంగు కారి గచ్చంతా పాడవుతుంది. తొమ్మిదో నంబరుది వెల్లుల్లి కంపు. కెప్టెన్‌ది పైన అత్తరు, అడుగున కుళ్లిన మేజోళ్లు. కళ్లు మూసుకుని వాసన చూసి ఎవరిదో చెప్పెయ్యగలదు.

పది చొక్కాలే అలా కారతాయి. నాలుగో నంబరు ఏనాడూ తడవలేదు. చంకల్లో కూడా ఒక్క చుక్క లేదు. ఆఖరి నిమిషంలో గోల్ వచ్చింది నాలుగో నంబరు కాపలా కాసే వైపునుంచే. ఇంకేం కావాలి? దేశమంతా ఒకే మాట అంది: వాడు ఆడలేదు, నిలబడి చూశాడు, అమ్ముడుపోయాడు. ఆ రోజు నుంచి అతని పేరు ఎండుగాడు.

ఎండుగాడు ఆ తర్వాత బంతి ముట్టుకోలేదు. పైపులు బాగుచేసే పని నేర్చుకున్నాడు. ఊళ్లో తూము పూడుకుపోతే పిలిచేది అతన్నే, ఫుట్‌బాల్ సంఘంవాళ్లు కూడా. మెట్ల కింద సబ్బులమ్మ గదిలో తూముకి నెలకోసారైనా ఊపిరాడదు.

ఆ నెల కూడా అంతే. గచ్చు మీద చీలమండల దాకా బూడిదరంగు నీళ్లు నిలిచాయి. పైన నురుగు, నురుగు మీద వెంట్రుకలు. పైపులాయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గొంతుక్కూర్చుని, చెయ్యి భుజం దాకా తూములోకి దూర్చాడు. బయటికి తీసినదాన్ని చూసి సబ్బులమ్మకి కడుపులో తిప్పింది. జిడ్డూ పీచూ గడ్డీ కలిసి ఒక ముద్ద, చచ్చిన ఎలుక సైజులో.

"ఇవి పరుపు చొక్కాలవా అక్కా?" అన్నాడు.

"ఆఁ. నిన్న పరుపు వాళ్ల సెమీఫైనల్ తేదీ. అదనపు సమయం కూడా ఆడారు మహానుభావులు. నూట ఇరవై నిమిషాలు కారాయి. ఛీ, మనుషులా, కుళాయిలా?"

ఆయన ఆ ముద్దని కాసేపు అరచేతిలో పట్టుకుని చూశాడు. "బాగా పరిగెత్తారన్నమాట," అన్నాడు.

ఆ మాటలో వెటకారం లేదు, ఏడుపూ లేదు. అందుకే సబ్బులమ్మకి ఒళ్లు మండింది. ముద్దని బకెట్లో వెయ్యమని కసిరి, తలుపు దగ్గరికెళ్లి నిలబడింది. ఆయన ఎప్పుడొచ్చినా ఆమె అలా తలుపు దగ్గరే నిలబడుతుంది.

దానికి కారణం ఉంది. ఫైనల్ అయిన రోజున సబ్బులమ్మ ఉద్యోగానికి మూడు నెలల వయసు. ఓడిపోయి వచ్చిన జట్టు చొక్కాలు మూటగట్టి తెచ్చి ఆమె ముందు పడేశారు. లెక్కపెడితే పది. అప్పటి స్టోర్ పెద్దమనిషి లెక్కకి ఒక్క రుమాలు తగ్గినా మనిషిని ఇంటికి పంపే రకం. బీరువాలో చిరిగితే వాడుకోవడానికని అదనంగా కుట్టించిన మెరుపు చొక్కాలు రెండున్నాయి, నంబరు లేనివి. ఒకటి తీసి, వెనక నాలుగు అంకె కుట్టి, నలిపి, నీళ్లు చల్లి పదింటితో కలిపేసింది. రిజిస్టర్లో పదకొండు అని రాసి సంతకం పెట్టింది. ఏటా చెమట పట్టే రోజున అది పొడిగా ఉంటుందని తెలియక కాదు. ఉతికేది నేనే కదా, ఎవడు చూడొచ్చాడు అనుకుంది. కానీ మొదటి ఏడాది తిరిగేసరికి మెరుపు చొక్కాల మోజు పెరిగిపోయి, అవి ఎలా చెమటోడుస్తాయో చూస్తామని పేపరువాళ్లు కెమెరాలతో దిగారు. మర్నాడు ఎండిన నాలుగో నంబరు మొదటి పేజీలో వచ్చింది.

అప్పుడొచ్చాడు అతను, పాతికేళ్ల మనిషి, ఇదే గదికి. "అక్కా, నా చొక్కా నేను వాళ్ల ఏడో నంబరుకి ఇచ్చేశాను. కప్పు గెలిచిన సంబరంలో వాళ్ల జనమే మీదపడి అతని చొక్కా పీలికలు చేశారు. వానలో ఒంటిమీద గుడ్డ లేకుండా వణుకుతుంటే నాది విప్పి కప్పాను. కెమెరాలన్నీ కప్పు దగ్గరే ఉన్నాయి, ఎవరూ చూడలేదు. మరి నీ దగ్గర నాలుగో నంబరు ఎక్కడిది?"

"నాకేం తెలుసన్నా," అంది సబ్బులమ్మ. "పదకొండు వచ్చాయి. పదకొండుకి సంతకం పెట్టాను."

అతను ఆమె మొహం వైపు చూశాడు. తర్వాత వెళ్లిపోయాడు, మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అతను పేపరువాళ్లకీ ఆ మాటే చెప్పాడు. వాళ్లు రిజిస్టరు చూశారు, సంతకం చూశారు, నవ్వారు. ఇన్నేళ్లూ సబ్బులమ్మ కంపునీ జిడ్డునీ తిడుతూ బతికింది గానీ, ఆ తిట్లలో సగం తనకే తగలాలని ఆమెకి తెలుసు.

తూము బాగైన రెండు రోజులకి సెక్రటరీ గారు మెట్లు దిగి ఆ గదికి వచ్చారు. అది అరుదు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగారు.

"ఏమ్మా, వచ్చే వారం ఫైనల్ తేదీ కదా. ఆ రోజే పైన హాల్లో చొక్కాల ప్రదర్శన పెడుతున్నాం. నీలం చొక్కా నుంచి అన్నీ. మెరుపు చొక్కాలు పదకొండూ గాజు పెట్టెల్లో. సరిగ్గా నాలుగింటికి జనం కళ్లముందే చెమట పట్టాలి. అదీ మన చరిత్ర!"

"నాలుగో నంబరు కూడానా సార్?"

"అదే అసలు ఆకర్షణ. కింద అట్ట కూడా రాయించాను. 'ఫైనల్లో చెమటోడ్చని ఒకే ఒక్కడు' అని." తనకి తానే ముచ్చటపడ్డారు. "ఆ రోజే కొత్త ఆడపిల్లల జట్టుని ప్రకటిస్తాం, కొత్త మెరుపు చొక్కాల్లో. పేర్లు కుట్టడం అయిందా?"

"అయింది సార్. పద్దెనిమిదీ."

"పదిహేనో నంబరు తీసెయ్."

సబ్బులమ్మ చేతిలో సూది ఆగింది. పదిహేనో నంబరు పైపులాయన కూతురిది. ఇరవై ఏళ్ల పిల్ల, తండ్రి ఆడిన వైపే, ఎడమ పక్కన ఆడుతుంది. కోచమ్మ మొట్టమొదట రాసిన పేరు ఆ పిల్లదే అని అందరికీ తెలుసు.

"బాగా ఆడుతుందంటారు కదా సార్."

"ఆడితే? ఒక గోడకి తండ్రి ఎండు చొక్కా, ఇంకో గోడ దగ్గర కూతురు. జనం నవ్వరూ? అయినా ఆ రక్తం మీద నమ్మకమేంటి? తీసి పక్కన పడెయ్, పాత గుడ్డల్లో." మెట్లెక్కుతూ "ఏం కంపమ్మా ఇది, ఎలా ఉంటావో!" అన్నారు.

సబ్బులమ్మ ఆ చొక్కాని పాత గుడ్డల్లో పడెయ్యలేదు. అలాగని చేసిందీ ఏమీ లేదు. మడిచి షెల్ఫులో పెట్టింది. ఇంకో రెండేళ్లలో రిటైరవుతుంది, ఉంటున్న గది సంఘానిది. ఇప్పుడు నోరు విప్పితే రెండూ పోతాయి. నాకెందుకొచ్చిన గొడవ అని ఒకటికి పదిసార్లు అనుకుంది. ఆ వారమంతా అన్నం సయించలేదు.

ప్రదర్శన రోజు పొద్దున పోస్టులో ఒక పార్సిల్ వచ్చింది, పరాయి దేశం స్టాంపులతో. పాత చొక్కాలుంటే పంపమని సంఘం అన్ని దేశాల పేపర్లలో ప్రకటన వేసింది. ఏది వచ్చినా విప్పి శుభ్రం చేసేది సబ్బులమ్మే. మూట చుట్టూ ఏడు పొరల ప్లాస్టిక్ కాగితం, ప్రతి పొర మీదా టేపు. ఆరో పొర దగ్గరే వాసన తగిలింది. ఏడోది విప్పేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి, వెనక్కి రెండడుగులు వేసింది. పాచిపోయిన గంజీ, తుప్పూ, తడి కుక్కా కలిస్తే వచ్చే కంపు.

మెరుపు చొక్కా. వెనక నాలుగు. అంచు లోపల ఇంకుతో చిన్న గీత ఉంది, మూడు నెలల ఉద్యోగంలో ఉన్నప్పుడు ఫైనల్‌కి ముందు తన చేత్తో వేసిన గుర్తు. చొక్కాతో పాటు ఒక చీటీ ఉంది. మన భాషలోనే, ఎవరిచేతో రాయించినట్టున్నారు.

"అయ్యా, చలికి మీ ఆటగాడు కప్పిన చొక్కా అని మా నాన్న దీన్ని ప్రాణంగా దాచుకున్నాడు. ఏటా ఒక రోజు ఇల్లంతా కంపు. ఇరవై ఏళ్లు మా అమ్మ ఉతికింది. ఇద్దరూ పోయాక నేను ఉతుకుతున్నాను. ఇక నా వల్ల కాదు. మా ఆయన పక్క గదిలో పడుకుంటున్నాడు. దయచేసి మీ చెమట మీరే ఉంచుకోండి."

సబ్బులమ్మ తిరగేసిన బకెట్ మీద కూలబడింది. గాజు పెట్టెల తాళాలు ఆమె కొంగునే ఉన్నాయి. పైకెళ్లి దొంగ నాలుగు తీసేసి, అసలు నాలుగు పెట్టేస్తే సరి. దొంగది పొయ్యిలో పడేస్తే బూడిద. ఎవరికీ చెప్పక్కర్లేదు. నాలుగింటికి అది కూడా పదింటితో పాటు కారుతుంది. లేచింది కూడా. రెండు మెట్లెక్కాక ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లు ఎండిన చొక్కా ఒక్కసారి తడిస్తే జనం ఏమంటారు? ఇన్నాళ్లకి సిగ్గొచ్చింది వెధవకి అంటారు. సెక్రటరీ గారు అట్ట మార్చి అదే రాయిస్తారు. తప్పు మళ్లీ ఆయన నెత్తినే ఉంటుంది, తను మాత్రం రెండేళ్లలో దండ వేయించుకుని ఇంటికెళుతుంది. ఆ దండ తలుచుకోగానే నిజంగానే వాంతి వచ్చింది. తూము దగ్గరికి పరిగెత్తింది. అక్కడ వంగి ఉండగానే, భుజం దాకా చెయ్యి పెట్టి వీళ్లందరి చెమటా తోడిపోసే మనిషి గుర్తొచ్చాడు. ఈ గదిలో ఇంతకాలం తనకి కడుపులో తిప్పింది చొక్కాల వల్ల కాదని అప్పుడు ఒప్పుకుంది.

నాలుగింటికి హాలు కిక్కిరిసింది. సెక్రటరీ గారు మైకు ముందు నిలబడ్డారు. పేపరువాళ్లు కెమెరాలు ఎత్తిపట్టుకున్నారు. కొత్త జట్టు అమ్మాయిలు కోచమ్మ వెనక వరసగా నిలబడ్డారు, పదిహేడు మంది. సబ్బులమ్మ పదిహేనో నంబరు చొక్కా చంకలో పెట్టుకుని గాజు పెట్టెల పక్కన నిలబడింది. పైపులాయన కూతురు మామూలు బట్టల్లో తండ్రి పక్కన వెనక గోడకి ఆనుకుని ఉంది. వద్దన్నా తండ్రిని ఆ పిల్లే లాక్కొచ్చింది, నా పేరు ఎందుకు తీశారో జనం ముందే అడుగుతానని.

గడియారం నాలుగు కొట్టింది. గాజు వెనక కెప్టెన్ చొక్కా చంకల్లో మచ్చ కట్టింది. తర్వాత తొమ్మిది. తర్వాత మిగతావి. జనం చప్పట్లు కొట్టారు. అందరి కళ్లూ నాలుగో పెట్టె వైపు తిరిగాయి, నవ్వడానికి సిద్ధంగా.

ఆ పెట్టెలో రెండు చొక్కాలున్నాయి. రెండిటికీ నాలుగే అంకె. ఒకటి ఇస్త్రీ చేసినట్టు పొడిగా వేలాడుతోంది. రెండోది కారుతోంది. మిగతావాటిలా చంకల్లో మొదలుపెట్టి మెల్లిగా కాదు, మెడ నుంచి, వీపు నుంచి, చేతుల అంచుల నుంచి ధారలుగా. పసుపు మెరుపుల మీద ఊదారంగు పారింది. పెట్టె అడుగు నిండి, సందులోంచి పొంగి, సెక్రటరీ గారి కొత్త బూట్లని తడిపింది. ఆ వెనకే కంపు లేచింది. ముందు వరస మొత్తం ముక్కు మూసుకుని వెనక్కి తగ్గింది.

"ఏంటిది? ఈ రెండోది ఎక్కడిది?" సెక్రటరీ గారు అరిచారు.

"రెండోది కాదు సార్, అదే మొదటిది," అంది సబ్బులమ్మ. "ఎండుగా ఉన్నది నేను కుట్టింది. ఫైనల్ నుంచి పది చొక్కాలే వచ్చాయి. ఉద్యోగం పోతుందని పదకొండోది నేను కలిపాను, సంతకం పెట్టాను. దాన్ని ఎవరూ తొడుక్కోలేదు, ఎలా తడుస్తుంది? ఆయన చెప్పింది నిజం. ఆయన వచ్చి అడిగితే మొహం మీదే అబద్ధం చెప్పాను." చీటీ తీసి దగ్గర్లో ఉన్న పేపరు మనిషి చేతిలో పెట్టింది. అతను పైకి చదివాడు. చివరి వాక్యానికి ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

కోచమ్మ ఎవరినీ అడగలేదు. సబ్బులమ్మ చంకలో ఉన్న పదిహేనో నంబరు చొక్కా అందుకుని నేరుగా వెనక గోడ దగ్గరికి వెళ్లి ఆ పిల్లకి ఇచ్చింది. "తొడుక్కో. ఎడమ పక్క నీదే." కెమెరాలు అటు తిరిగాయి. సెక్రటరీ గారు జాబితాలో పద్దెనిమిదో పేరు చదివారు. చదవక ఏం చేస్తారు!

పైపులాయన పెట్టె దగ్గరికి వచ్చాడు. సబ్బులమ్మ తాళం తీసింది. ఆయన వంగి, కారుతున్న చొక్కాకి ముక్కు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చాడు. మొహం వికారంగా ముడుచుకుంది. "ఛీ," అన్నాడు. "నాదే."

"అన్నా, ఇలా ఇవ్వు, ఉతికి..." సబ్బులమ్మ చెయ్యి చాచింది.

"దీన్ని నువ్వు ముట్టుకోకు." కోపంగా కూడా అనలేదు. అక్కా అని మాత్రం అనలేదు. ఇక ఎప్పటికీ అనడని సబ్బులమ్మకి అర్థమైంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆయన తన చొక్కా గుండీలు విప్పి, తడి చొక్కాని తలమీంచి లాక్కున్నాడు. పొట్ట దగ్గర ఇరుక్కుంది. కూతురు వెనకనుంచి కిందికి లాగింది. ఊదారంగు నీళ్లు ఆయన ప్యాంటు మీదుగా గచ్చు మీదికి జారాయి. ఇద్దరూ హాలు దాటి, మెట్లు దిగి, సాయంత్రం రద్దీలో రోడ్డెక్కారు. బస్టాపులో జనం ముక్కులు మూసుకుని చీలిపోయి దారిచ్చారు. ఒకావిడ సంచీ మొహానికి అడ్డం పెట్టుకుని, "అబ్బా! ఏం చెమటండీ బాబూ, ఎక్కడ పరిగెత్తి వస్తున్నారు?" అంది.

పైపులాయన ఆగి, ఆమెకి ఫైనల్ మొత్తం చెప్పడం మొదలుపెట్టాడు.